మొక్కల యాత్ర

మూడేండ్ల క్రిందట మేము కడియపులంక నర్సరీలకుఁ బోయి, కంటికింపైన మొక్కలనెల్లఁ గొని, నడివేసవి మిట్టమధ్యాహ్నమున నాఁటితిమి. పండ్రెండింటిలో నొక్క మల్లెయంటు మాత్రమే బ్రదికెను. అది మా యత్తగారు కోరి కొనిపించినది. దాని పూవు చూడకయే వారు కన్నుమూసిరి.

ఆ నష్టము నేర్పినది చెప్పుచున్నాము. యాత్ర కార్తిక మార్గశిరములలోఁ జేయుఁడు. కాటనుదొర 1852లో ఆనకట్ట ముగించిన ధవళేశ్వరమున గోదావరిని దనివిదీరఁ జూచి, రెండు మూడు మొక్కలే కొనుఁడు. వానిని సాయంకాలమున నాఁటుఁడు. మల్లెకుఁ బుష్యమాసమున నీరు మానిపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరింపుఁడు. పిదప నెరువు వేసి నీరు పోయుఁడు.

కత్తిరించుటకు మాకును మొదటఁ జేయియాడలేదు. కాని చైత్రమున విరిసిన తొలి మూరెఁడు పూలు అత్తగారి పటమునకే వేసితిమి.