గీత ఉన్నకాడ కొయ్యి

ఈసారి నోటిఫికేషన్ల గురించి కాదు, ఒక మొక్క గురించి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్ వరండాలో పాత పెయింటు డబ్బాలో ఒక మనీ ప్లాంటు పెంచుతున్నాను. ఆకు మీద తెల్ల మచ్చలు, చారలు ఉండే రకం. నర్సరీలో మార్బుల్ క్వీన్ అంటారు. సీనియర్ అన్న ఒకరు గది ఖాళీ చేస్తూ ఓ ముక్క ఇచ్చారు. నీళ్ల సీసాలో పెడితే వేళ్లొచ్చాయి, తీసి మట్టిలో పెట్టాను.

ఎండకి మాడిపోతుందేమోనని చీకటి మూలకి జరిపాను. అంతే, కొత్త ఆకులన్నీ ఒట్టి పచ్చగా రావడం మొదలైంది. బోటనీ సార్‌ని అడిగాను. తెల్ల భాగంలో పత్రహరితం ఉండదు, అది ఆహారం తయారు చేయలేదు, అందుకే వెలుతురు తగ్గితే పచ్చదనం పెరుగుతుందన్నారు. నేరుగా ఎండ తగలకుండా వెలుతురులో పెట్టాను. అయినా ఆ తీగ పచ్చగానే సాగింది. దాని కొసలు కత్తిరించి నాటితే అవీ పచ్చగానే వచ్చాయి.

అప్పుడే మా అమ్మ పాడేరు వైపు నుంచి బస్సెక్కి నన్ను చూడ్డానికి వచ్చింది. నిజం చెప్తున్నాను, అమ్మ మాట విని ఎవరైనా నవ్వుతారేమోనని ఎవరూ లేని వరండా చివరకి తీసుకుపోయాను. అక్కడ డబ్బా చూసింది.

"ఏటిరా ఇది, తింటారేటి?"

"తినకూడదమ్మా, నోరు మండుతుంది."

"మందేటి?"

"కాదు, అందానికి."

నవ్వింది. నేను పత్రహరితం గురించి చెప్తుంటే తీగని వేళ్లతో తడుముతూ కూర్చుంది. తర్వాత అంది: "ఈ పైన కాడ మీద తెల్ల గీత లేదు కదరా. కింద ఉంది సూడు. గీత ఉన్నకాడ, ఆ కణుపు మీద కొయ్యి."

మా అమ్మ అడవిలో అడ్డాకు కోసి, విస్తర్లు కుట్టి నన్ను చదివించింది. తీగలతోనే ఆమె బతుకంతా.

చెప్పినట్టే కోశాను. కొన్ని వారాలకి ఆ కణుపు నుంచి చిగురొచ్చింది. ఆకు సగం తెలుపు, సగం పచ్చ. సార్‌కి చూపిస్తే, "బాగుందే, ఎవరు చెప్పారు?" అన్నారు.

"ఎక్కడో చదివాను సార్" అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చదువురాని అమ్మ నాకు నేర్పిందని చెప్పడానికి నోరు రాలేదు. మూడు రోజుల తర్వాత వెళ్లి, "సార్, అది మా అమ్మ చెప్పింది" అన్నాను. సార్ పెన్ను పక్కన పెట్టి, "ఈసారి వస్తే నాకు చూపించు, ఆమెతో మాట్లాడాలి" అన్నారు.

ఎవరైనా పెంచితే గుర్తుంచుకోండి. నీళ్లు మట్టి ఆరాకే పోయండి. చిన్నపిల్లలకి, మేకలకి అందనివ్వకండి. ఊరికి తీసుకెళ్తే కుండీలోనే ఉంచండి, అడవిలో వదలకండి, ఇది మన అడవి మొక్క కాదు.

వచ్చే నెల అమ్మ వస్తుంది. ఈసారి గేటు దగ్గరే ఆగి, అందరికీ పరిచయం చేస్తాను.