వానవేళ మటాటు ప్రయాణము

2018 మే నెలలో, వేసవి సెలవులకు, కెన్యా దేశపు రాజధానియగు నైరోబీ నగరమునకు మా చెల్లెలి యింటికి పోయితిని. అచ్చట చూచిన వింతలు అనేకములు గలవు గాని, నా మనస్సున నిలిచిపోయినది ఒక సాయంకాలపు ప్రయాణమే.

ఆ నగరమున సామాన్యజనుల వాహనము మటాటు. ఇది ప్రభుత్వపు బస్సు కాదు. ప్రైవేటు యజమానుల వ్యాను గాని, చిన్నబస్సు గాని. స్వాహిలీ భాషలో ‘టాటు’ అనగా మూడు. పూర్వము మూడు పదిసెంట్ల నాణెములు ఛార్జీగా పుచ్చుకొనుటవలన ఆ పేరు వచ్చినదందురు. 1963లో స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట పల్లెజనము నగరమునకు విశేషముగా వచ్చి చేరిరి. ఉన్న బస్సులు చాలలేదు. 1973లో అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ప్రత్యేకమైన లైసెన్సు లేకయే మటాటులు ప్రయాణికులను చేరవేయుటకు అనుమతి నొసగెను. 2019 జనాభా లెక్కలనాటికి నైరోబీ జనసంఖ్య 43 లక్షలు దాటినది.

నేను ఆ సాయంకాలము నగర మధ్యముననున్న టామ్ ఎంబోయా వీధిలో బండికై నిలిచియుంటిని. వాన కుండపోతగా కురియుచుండెను. కండక్టరు బండిని తట్టుచు, ఊళ్ల పేర్లు కేకలు వేయుచు, ఉదయము పుచ్చుకొన్న ఛార్జీకి రెట్టింపు అడిగెను. నా ప్రక్కన బడి యూనిఫారముతో నున్న ఒక బాలిక అరచేతిలోని నాణెములను రెండుమారులు లెక్కించుకొని, మెల్లగా వెనుకకు తగ్గెను. నేను డబ్బిచ్చి యెక్కి కూర్చుంటిని. 14 సీట్లు నిండువరకు బండి కదలలేదు. కదలిన పిమ్మట రద్దీలో చిక్కుకొనెను. కిటికీలోనుండి చూడగా, ఆ బాలిక పుస్తకముల సంచి తలపై నుంచుకొని, తడియుచు, మా బండిని దాటి నడిచిపోవుచుండెను. ఆమెకు తక్కువైన చిల్లర నా జేబులోనే యున్నది. ఆ మాట నాకు బండి యెక్కకముందు తోచలేదు.

ఇంటికి పోయి కండక్టరును నిందించితిని. మా చెల్లెలు ఇట్లనినది: “అన్నయ్యా, వారిలో చాలామందికి నెలజీతము లేదు. దినమునకింత యని యజమానికి కట్టవలెను. ఆయిలు ఖర్చు పోను మిగిలినదే వారి కూలి. అందుచేతనే బండి నిండనిదే కదలరు. కదలినచో పందెము వేసికొని తోలుదురు. వాన పడినచో ఛార్జీ పెంచుదురు.”

2004లో ప్రభుత్వము వేగమును అరికట్టు యంత్రములను, సీటుబెల్టులను తప్పనిసరి చేసినది. 2014లో కొన్ని విశ్వవిద్యాలయములవారు, విద్యార్థులు బండ్లలో తిరిగి సేకరించిన వివరములతో, 130కి పైగా మార్గములకు పటము ప్రకటించిరి. ఇవి మేలైన పనులు. కాని దినకూలి లెక్క మారనంతవరకు, ఛార్జీకి ఒక నియమము ఏర్పడనంతవరకు, ఆ భారము బీదవారిమీదనే పడుచుండును. మటాటులను తొలగించుట మాత్రము మందు కాదు. అవి లేకున్న ఆ నగరమే నిలిచిపోవును.

జూన్ నెలలో మన బడి తెరచిరి. ఒక దినమున ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి రొప్పుచు వచ్చి గుమ్మము కడ నిలిచెను. పూర్వమైనచో వానిని వెలుపలనే నిలబెట్టియుందును. ఆనాడు, “ఏమి నాయనా, ఆలస్యమైనది?” అని యడిగితిని.

“షేరు ఆటో నిండేదాకా కదల్లేదు సార్,” అనెను.

“లోపలికి రమ్ము,” అంటిని.

విద్యార్థులారా, ఆలస్యమునకు కారణమున్న దినమున భయపడక చెప్పుడు. తల్లిదండ్రులారా, మీరును తెలుపుడు. అడుగుట మా పని. ఇన్నేండ్లు నేను మరచిన పని.