మూసీ కాదు, రాముడూ కాదు!

ఊళ్ళ పేర్లను విడగొట్టి అర్థాలు చెప్పే జబ్బు ఒకటి తెలుగు పంతుళ్ళకు వున్నది. నాకది కొంచెం ముదిరిందని మా ఇంట్లో అంటారు. రైల్లో కూర్చుంటే స్టేషను బోర్డులన్నీ నాకు వ్యాకరణ పాఠాలే. ఈ జబ్బు నన్నొకసారి నలభైమంది విద్యార్థుల ముందు నిలబెట్టి పరువు తీసింది. ఆ ముచ్చటే ఇది.

ఆ రోజు డిగ్రీ మొదటి సంవత్సరం వారికి సంధులు చెబుతున్నాను. పాఠం చప్పగా సాగుతూంటే, హుషారు పుట్టించడానికి, "మీ మీ పేటల పేర్లు చెప్పండి, అర్థాలు నేను చెబుతా" అన్నాను. మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మాది మూసారాంబాగ్ సార్" అన్నది.

హైదరాబాదులో మలక్‌పేట దాటిన తర్వాత వచ్చే పేట అది. పక్కనే మూసీనది. నాకు ఒక్క క్షణం కూడా ఆలోచించవలసిన పని లేకపోయింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: మూసీ + ఆరామము + బాగ్. "మూసీ ఒడ్డున వున్న తోట. ఎంత అందంగా వున్నదో చూశారా!" అన్నాను.

ఆ అమ్మాయి కూర్చోలేదు. "మూసీలో చివర ఈకారం వుంది కదా సార్. ఆకారం పరమైతే యణాదేశం రావాలి. మూస్యారామం కావద్దా?" అన్నది.

"మూసీ సంస్కృత పదం కాదమ్మా. ఆ సూత్రం ఇక్కడ చెల్లదు" అన్నాను, కొంచెం గంభీరంగా.

"ఆరామం సంస్కృతమే కదా సార్. అప్పుడది వైరిసమాసం అవుతుంది. పైగా మా తాత దాన్ని మూసారాం దొర తోట అనేవాడు."

క్లాసు గొల్లుమన్నది. వాళ్ళు నవ్వింది ఆ అమ్మాయిని చూసి కాదు, నన్ను చూసి. నాకు చురుక్కుమన్నది. "పాఠం మీ తాతగారు చెబుతున్నారా, నేను చెబుతున్నానా? కూర్చో" అన్నాను. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నది. ఆ తర్వాత గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

సాయంత్రం కాఫీ తాగుతూ ఈ సంగతి మా ఆవిడతో చెప్పాను, నా పక్షాన నాలుగు మాటలు అంటుందని. ఆవిడ వ్యాకరణం చదువుకోలేదు. కూర తరుగుతూనే, "ఆరామమన్నా తోటే, బాగ్ అన్నా తోటే. ఒక్క పేరుకు రెండు తోటలెందుకండీ?" అన్నది.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

ఆదివారం ఉదయం మెట్రో రైలెక్కి మూసారాంబాగ్ స్టేషనులో దిగాను. మెట్రో వచ్చినప్పటినుంచీ ఈ పేరు మూడు భాషల్లోనూ వినబడుతూనే వున్నది. అర్థం కోసం చెవి పెట్టే వాళ్ళెవరు? స్టేషను బయట టీ బండి దగ్గర ఒక పెద్దాయనను అడిగాను. "మూసారాం దొర సమాధా? అగో, టీవీ టవరు దిక్కు పోయి గుట్ట ఎక్కుండ్రి సార్. ఆడనే ఉన్నది" అన్నాడాయన, అదేదో తమ ఇంటి సంగతి అన్నట్టు.

ఆ గుట్టను అస్మాన్‌గఢ్ అంటారు. పైన విశాలమైన తిన్నె, దాని మీద ఆకాశంలోకి సూదిలా లేచిన రాతి స్తంభం. ఎత్తు సుమారు 23 అడుగులు. దాని మీద జె.ఆర్. అనే రెండక్షరాలు. పక్కన స్తంభాల మంటపం ఒకటి. పాత మంటపం 2001లో కురిసిన వానలకు కూలిపోగా, తర్వాత మళ్ళీ కట్టారు. కుర్రాళ్ళు కొందరు అక్కడ క్రికెట్ ఆడుకుంటున్నారు.

ఈ సమాధిలో వున్నవాడు ఫ్రెంచి దేశీయుడు. పూర్తి పేరు మిషెల్ జొవాకిమ్ మరీ రేమండ్. 1755లో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో వ్యాపారం చేసుకుందామని పుదుచ్చేరికి వచ్చి, తక్కెడ వదిలి కత్తి పట్టాడు. చివరికి హైదరాబాదు చేరి, రెండవ ఆసఫ్‌జా అయిన నిజాం అలీఖాన్ కొలువులో సేనాని అయ్యాడు. కొన్ని వందల మందితో మొదలైన ఆయన దళం పది వేలు దాటింది. నగరంలో ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. ఫతే మైదాన్ దగ్గర దానిని తోప్ కా సాంచా అన్నారు. ఆ పేటనే ఇప్పుడు గన్‌ఫౌండ్రీ అంటున్నాము. 1795లో ఖర్దా దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడినా, రేమండ్ దళం మాత్రం నిలిచి పోరాడిందని పేరు.

ఫ్రెంచివారు పెద్దమనిషిని 'మొస్యూ' అంటారు. రేమండ్ అని మనం రాసే పేరును వాళ్ళు చివరి డకారం మింగేసి, ముక్కుతో 'రేమోఁ' అని పలుకుతారు. ఇక చూడండి: మొస్యూ రేమోఁ! మన నోటిలో పడి అది మూసారాం అయింది. హిందువులకు ఆయన మూసా రాం. ముస్లింలకు మూసా రహీం. ఎవరి దేవుడి పేరు వారు పెట్టుకున్నారు. పరాయి సిపాయికి ఇంతకంటె పెద్ద బిరుదు ఏ నవాబు ఇవ్వగలడు?

ఇక్కడ నాకు అసలైన చెంపపెట్టు తగిలింది. ఏటేటా బొబ్బిలి యుద్ధం పాఠం చెప్పేవాణ్ణి నేనే. 1757 నాటి ఆ కథలోని ఫ్రెంచి సేనాని బుస్సీని తెలుగువారు 'మూసే బూసీ' అని పిలుచుకున్నారని, ఆ మూసే అన్నది మొస్యూ అని, పిల్లలకు విడమరచి చెప్పేవాణ్ణీ నేనే. ఆ మూసేయే ఈ మూసా అని ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు! పుస్తకంలో చదివిన మాట వీధిలో ఎదురైతే గుర్తుపట్టలేకపోయాను.

రేమండ్ 1798 మార్చి 25న కన్నుమూశాడు. అదే సంవత్సరం అక్టోబరులో, ఇంగ్లీషువారితో నిజాం చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఆయన పెంచిన సైన్యం ఆయుధాలు కింద పెట్టేసింది. ఏడు నెలలలో అంతా అయిపోయింది. కాని జనం మరువలేదు. ఆయన వర్ధంతినాడు ఈ గుట్ట మీద దీపాలు, ధూపాలు పెట్టి ఉర్సు చేసేవారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ రోజున ఒక పెట్టె చుట్టలు, ఒక సీసా బీరు సమాధికి పంపేవాడని కూడా చెప్పుకుంటారు. సైన్యం పోయింది, తోట పోయింది. పేరు మాత్రం జనం నాలుక మీద మిగిలింది.

గుట్ట దిగుతూంటే రేమండ్ కంటె ఆ మూడో బెంచీ అమ్మాయే ఎక్కువ గుర్తుకు వచ్చింది. వాళ్ళ తాత చెప్పింది అక్షరాలా నిజం. నా చదువంతా కలిసి ఆ నిజాన్ని కూర్చోబెట్టింది.

సోమవారం క్లాసుకు వెళ్ళగానే, "అమ్మా, లేచి నిలబడు" అన్నాను. పాపం, బెదురుతూ లేచింది. "మొన్న నేను చెప్పింది తప్పు. మీ తాతగారు చెప్పింది ఒప్పు. నీ వ్యాకరణమూ ఒప్పే. నిన్ను కూర్చోమన్నందుకు నన్ను మన్నించు" అని, బోర్డు మీద 'మొస్యూ రేమోఁ' అని రాశాను. క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోయింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా తాత లేడు సార్. ఉంటే మస్తు సంతోషపడేవాడు" అన్నది.

పాఠం అంతటితో ముగిసిందనుకున్నాను. వారం తర్వాత వరండాలో వెళుతూంటే, వెనకనుంచి పిల్లలు గుసగుసలాడుకోవడం వినబడింది: "ఒరేయ్, మూస్యారామం సారు వస్తున్నారు!"

పేర్లు ఎట్లా పుడతాయో నాకిప్పుడు పుస్తకాలలో వెదకవలసిన పని లేదు.