దారం లెక్కలో దొరికిన జవాబు

క్రాస్ స్టిచ్ డిజైన్ల సాఫ్ట్‌వేర్ ముఖ్యంగా చేసేది రెండు పనులు: గళ్ళలో రంగులు నింపడం, ఏ రంగు దారంతో ఎన్ని కుట్లు పడతాయో లెక్క చెప్పడం. ఆ లెక్కే ఒక పాత పజిల్‌ను విప్పుతుందని తెలిశాక దానిమీద నాకు గౌరవం పెరిగింది.

తత్వవేత్త మాక్స్ బ్లాక్ 1946లో ఇచ్చిన పజిల్ అది. 64 గళ్ళ చదరంగం బల్లలో ఐమూలగా ఉన్న రెండు మూల గళ్ళు తీసేయాలి. మిగిలిన 62 గళ్ళను, ఒక్కొక్కటి పక్కపక్కనున్న రెండు గళ్ళు కప్పే 31 డామినో బిళ్ళలతో నింపగలమా?

తెరమీద బిళ్ళలు ఎన్ని రకాలుగా జరిపినా ఎక్కడో రెండు గళ్ళు మిగిలిపోతాయి. మనకు చేతకాలేదా, అసలు కుదరదా అన్నది మాత్రం తేలదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో బల్లకు చదరంగంలోలా నలుపు, తెలుపు మార్చిమార్చి వేసి దారం లెక్క అడిగితే తేలిపోతుంది: ఒక రంగు 32 కుట్లు, రెండోది 30. పక్కపక్క గళ్ళ రంగులు వేరు కాబట్టి ప్రతి బిళ్ళా ఒక నలుపునూ ఒక తెలుపునూ కప్పి తీరాలి. అంటే రెండు రంగులూ సమానంగా 31 చొప్పున ఉండాలి. లేవు. ఎవరు పేర్చినా కుదరదు.

దారం చాలుతుందో లేదో చూసుకోవడానికి పెట్టిన లెక్క, ఒక పని అసాధ్యమని నిరూపించింది. పనిముట్టు ఏ పనికోసం పుట్టిందో కాదు, ఏం చూపించగలదో అడగాలి. పిల్లలకు నిరూపణ అంటే ఏమిటో చెప్పాల్సివస్తే నేను ఈ రంగుల గళ్ళతోనే మొదలుపెడతాను.