రెండు టైర్ల పొదుపు

మా వూళ్ళో మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవగట్టు మీద కమ్ముకొనే పొగమంచు. పొద్దు బారెడెక్కేసరికి మాయమై పోతుంది. ముసలివాళ్ళ దగ్గుకు తప్ప దానివల్ల ఎవరికీ చెరుపు లేదు. అటువంటి మంచులో పెరిగినవాణ్ణి, కెనడా రాజధాని ఒట్టావాలో కాపురం పెట్టి, "మంచు సంగతి నాకు తెలియదా?" అనుకొన్నాను. నా అవివేకం అక్కడే మొదలయింది.

ఒట్టావాలో రిడో కాలవ అని ఒకటి వుంది. చలికాలంలో అది గడ్డకట్టి, సుమారు 8 కిలోమీటర్ల పొడుగున జనం దానిమీద జారుడు జోళ్ళతో పరుగెత్తుతారు. కాలవమీద పడవలు పోవడం చూశాను గాని, మనుషులు పోవడం అక్కడే చూశాను. కాలవే అట్లా గట్టిపడిపోయే వూళ్ళో రోడ్డు ఎట్లా వుంటుందో ఆలోచించుకోవద్దూ? ఆలోచించలేదు.

2017 నవంబరు వచ్చింది. ఆఫీసులో ఎవరు ఎదురయినా, మన వైపు "భోజనమయిందా?" అన్నట్టు, "టైర్లు మార్చావా?" అని అడగడం మొదలుపెట్టారు. ఉన్న టైర్లకేం వచ్చిందన్నాను. అన్ని కాలాలకూ పనికివచ్చే టైర్లని చెప్పి అమ్మారు గదా! ఒకాయన నవ్వి, "ఇక్కడ వాటిని మూడు కాలాల టైర్లంటాం. నాలుగోది చలికాలం. దాని సంగతి వేరు" అన్నాడు.

ధర కనుక్కొన్నాను. నాలుగు టైర్లూ, వాటిని బిగించే ఇనుప రిమ్ములూ కలిపి 800 డాలర్లు దాటుతుందన్నారు. దేశాంతరం వచ్చిన కొత్తలో అందరికీ వుండే జబ్బే నాకూ వుండేది. ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకోవడం. నలభైవేల రూపాయలు! ఏడాదిలో నాలుగైదు నెలలకోసం!

నది దాటి వంతెన అవతలికి పోతే గాటినో పట్టణం. అది క్యుబెక్ రాష్ట్రం. అక్కడ రిజిస్టరయిన కార్లన్నిటికీ చలికాలంలో వింటరు టైర్లుండాలని 2008 నుంచీ చట్టం వుంది. అప్పట్లో డిసెంబరు 15 నుంచి మార్చి 15 వరకు. 2019 నుంచి డిసెంబరు 1కే మొదలు. వంతెన ఇవతల, మా ఆంటేరియోలో అటువంటి చట్టం లేదు. చట్టం లేదు గనక అవసరమూ లేదని నా మనసు తీర్పు చెప్పేసింది. పైనుంచి పడే మంచుకు వంతెన ఏ వైపు పడుతున్నానో తెలియదు గదా అన్న ఆలోచన తర్వాత వచ్చింది.

మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

"ఏవండీ, పిల్లను ఎక్కించుకు తిరిగే బండి. ఆ టైర్లేవో మార్పించండి" అంది.

సరేనని బయలుదేరాను. దారిలో నాకొక గొప్ప ఊహ తోచింది. మాది ముందు చక్రాలు లాగే కారు. లాగేవి రెండే అయినప్పుడు నాలుగెందుకు? వాడిన టైర్లు అమ్మే దుకాణానికి వెళ్ళి రెండు కొన్నాను. దుకాణంవాడు తల అడ్డంగా వూపాడు.

"ముందు రెండూ రోడ్డును పట్టుకొంటాయి. వెనకవి పట్టుకోవు. అప్పుడు నీ బండి వెనకభాగం ముందుకు రావాలని చూస్తుంది. నాలుగూ వెయ్యి" అన్నాడు.

అమ్మకం పెంచుకోవడానికి చెబుతున్నాడనుకొన్నాను. బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేక కాబోలు, ఆఖరుకి రెండే బిగించి యిచ్చాడు.

ఇంటికి రాగానే మా ఆవిడ, "నాలుగూ వేశారా?" అని అడిగింది.

"ఆఁ, వేశారు" అన్నాను.

ఆ మాట ఎంత సునాయాసంగా వచ్చిందో తల్చుకొంటే ఇప్పటికీ సిగ్గువేస్తుంది.

రెండు నెలలు బండి బాగానే నడిచింది. నా తెలివితేటలకు నేనే మురిసిపోయాను. జనవరిలో సంక్రాంతికి ఒక తెలుగువారింట పిల్లలకు భోగిపళ్ళు పోశారు. రేగుపళ్ళు దొరకవు గనక చాక్లెట్లూ, పూలరేకులూ, చిల్లర నాణేలూ పోశారు. మా అమ్మాయికప్పుడు నాలుగేళ్ళు. రాత్రి తొమ్మిదింటికి తిరుగు ప్రయాణం. మా ఆవిడ పిల్ల పక్కన, వెనక సీట్లో కూర్చుని కునుకుతీస్తోంది.

పగలు కాస్త కరిగిన మంచు రాత్రి మళ్ళీ గడ్డకట్టింది. అది తెల్లగా వుండదు. పలచటి గాజుపలకలా వుండి, కింద నల్లటి తారు కనబడుతుంది. తడిరోడ్డే అనుకొంటాం. పల్లంలో ఒక మలుపు. కొంచెం బ్రేకు తొక్కాను. బ్రేకు తొక్కితే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. అసలే పట్టులేని వెనక చక్రాలు మరీ తేలికయిపోయాయి. ముందుభాగం నిలదొక్కుకొంది. వెనకభాగం పక్కకు కొట్టుకుపోయింది. స్టీరింగు నా చేతిలో వుంది గాని బండి నా చేతిలో లేదు. ఒకటిన్నర చుట్టు గిర్రున తిరిగి, రోడ్డుపక్క పోగుపోసిన మంచుదిబ్బలో దిగబడి ఆగింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత వెనకనుంచి మా అమ్మాయి, "నాన్నా, రంగులరాట్నం! ఇంకోసారి!" అంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని రెండు నిమిషాల తర్వాత, మేము తిరిగిన చోటినుంచే, రోడ్డుమీద మంచు గెంటే పెద్ద లారీ వురుముతూ పోయింది. దాన్ని మేమిద్దరం చూశాం. ఏమీ మాట్లాడుకోలేదు.

బండిని బయటికి లాగడానికి వచ్చిన మనిషి టార్చిలైటు వేసి నాలుగు చక్రాలూ చూశాడు. "ముందువి వింటరు టైర్లు. వెనకవి మామూలువి. ఇట్లా ఎవరు వేశారు?" అన్నాడు. నేను తలవంచుకొన్నాను. మా ఆవిడకు ఇంగ్లీషు రాకపోతే ఎంత బాగుండునా అనిపించింది.

ఇంటికి వచ్చాక నిద్రపోతున్న పిల్ల జుట్టులోంచి పూలరేకులు ఒక్కొక్కటే తీస్తూ ఆవిడ అంది: "రెండే వేసినందుకు కాదండీ నా బాధ. డబ్బు చాలకపోతే బస్సులో వెళ్ళేవాళ్ళం. నాలుగన్నారు. ఆ మాట నమ్మి నేను వెనక నిద్రపోయాను."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

మర్నాడు తిన్నగా వెళ్ళి నాలుగు కొత్తవి వేయించాను. ఈసారి తెలుసుకొని కొన్నాను. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీలకు దిగువన బిరుసెక్కడం మొదలుపెడుతుంది. మంచు పడకపోయినా చలికే దాని పట్టు తగ్గుతుంది. వింటరు టైరు రబ్బరు పాళ్ళు వేరు. గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా వుంటుంది. గాడులు లోతుగా వుండి మంచును కరచుకొంటాయి. ఆ గాళ్ళమధ్య బ్లేడుతో గీసినట్లు వందల సన్నటి చీలికలుంటాయి. వాటి అంచులే గాజులాంటి మంచును గీరి పట్టుకొనేవి. ఫిన్లండులో 1934లోనే లారీలకోసం ఇటువంటి టైరు తయారుచేశారట. 1936లో కార్లకూ వచ్చింది. అంటే నేను కనిపెట్టిన పొదుపుకు ఎనభై ఏళ్ళ క్రితమే జవాబు సిద్ధంగా వుందన్నమాట.

కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దానిలో మంచుపువ్వు బొమ్మ వుందో లేదో చూడాలి. మంచుమీద పరీక్షించి నెగ్గినదానికే ఆ గుర్తు. ఉత్త 'ఎం ప్లస్ ఎస్' అన్న అక్షరాలను నమ్ముకోకూడదు. వాటికి ఆ పరీక్ష అక్కరలేదు. నాలుగు చక్రాలూ లాగే బండి అయినా సరే, అది బయలుదేరడానికి సాయపడుతుంది గాని ఆగడానికి కాదు. ఆపేది టైరే. చలి ముదిరితే గాలి కూడా తగ్గుతుంది. అయిదారు డిగ్రీల చలికి ఒక పౌను చొప్పున దిగుతుంది గనక నెలకోసారి చూసుకోవాలి. మరో మాట. ఆంటేరియోలో వింటరు టైర్లు వేసుకొన్నవారికి 2016 జనవరి 1 నుంచీ ఇన్సూరెన్సులో కొంత తగ్గిస్తున్నారు. ఇదయినా ముందు కనుక్కొన్నానా?

ఫోనులో మా నాన్నగారికి సంగతంతా చెప్పాను. ఆయన బండి తోలిన మనిషి. కాసేపు వూరుకొని, "ఒరే అబ్బాయ్, మన ఎడ్లకు నాడాలు కొట్టించినప్పుడు ఎప్పుడైనా ముందు కాళ్ళకే కొట్టించామురా?" అన్నారు.

ఇప్పుడు ఏటా అక్టోబరు చివర మా ఆవిడే దగ్గరుండి టైర్లు మార్పిస్తుంది. పాతిక సెంట్ల నాణెం మీద కారిబూ అనే దుప్పి బొమ్మ వుంటుంది. దాన్ని తలకిందులుగా గాడిలో పెట్టి, మూతి బయటికి కనబడుతుందా అని చూస్తుంది. కనబడితే టైరు అరిగిందన్నమాట.

టైర్లు బిగించడం అయిపోగానే మా అమ్మాయి కారుచుట్టూ తిరిగి, ఒక్కొక్క టైరునూ కాలితో తట్టి, "నాలుగూ వున్నాయి నాన్నా" అని చెబుతుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన ఆట అది. ఎందుకు నేర్పిందో దానికి మేమిద్దరమూ చెప్పలేదు. తెలుగు చదవడం నేర్చుకొంటోంది. ఇది చదివిననాడు తెలుసుకొంటుంది.