ఛాయ

పోయిన వారం పోస్టు చదివిన ఒక పీజీ విద్యార్థిని ఇన్‌బాక్సులో ఒక ప్రశ్న అడిగింది. రెండు ముక్కల్లో జవాబిచ్చి వదిలేసే ప్రశ్న కాదని ఇక్కడ రాస్తున్నాను. పేరు లేకుండా రాయడానికి ఆమె ఒప్పుకుంది.

"మేడమ్, నా ముఖం మీద మంగు వచ్చింది. లేజర్ చేయించుకుందామని డబ్బులు దాచుకుంటున్నా. 'నలుపు మీద అంత మాట్లాడి, ఇప్పుడు నువ్వే స్కిన్ క్లినిక్కి పోతావా' అని మా స్టడీ సర్కిల్లో వాళ్ళు నవ్వుతున్నారు. ఇది లొంగిపోవడమేనా?"

సూటిగా చెప్తాను. నాకూ మంగు ఉంది. రెండో కాన్పు తర్వాత రెండు బుగ్గల మీదా, పై పెదవి మీదా పడింది. నేనూ లేజర్ చేయించుకున్నాను. అందులో దాచుకోవాల్సింది నాకేమీ కనపడలేదు. కానీ ఆ గదిలోకి వెళ్ళే ముందు మన పిల్లలకి తెలియాల్సిన సంగతులు చాలా ఉన్నాయి. కొన్ని చర్మం సంగతులు, కొన్ని కులం సంగతులు. రెండూ కలిపి అమ్ముతున్నారు కాబట్టి రెండూ కలిపే చెప్పాలి.

ముందు మంగు అంటే ఏంటో చూద్దాం. డాక్టర్లు మెలస్మా అంటారు. మన చర్మంలో రంగు తయారుచేసే కణాలుంటాయి. అవి చేసే రంగు పేరు మెలనిన్. ఎండ తగలడం, గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఇంట్లో ఎవరికైనా ఉండడం, ఇలాంటి కారణాలతో ముఖం మీద కొన్నిచోట్ల ఆ కణాలు అతిగా పనిచేస్తాయి. గోధుమ, బూడిద రంగు మచ్చలు పడతాయి. ప్రాణం తీసేది కాదు, అంటుకునేది కాదు. మొండిది. తగ్గినట్టే తగ్గి ఎండాకాలం రాగానే మళ్ళీ తేలుతుంది. మా పల్లెలో ఆడవాళ్ళు జాజికాయ పాలలో అరగదీసి పూసేవాళ్ళు. సగంమంది అదీ పూసేవాళ్ళు కాదు. వయసుతో పాటు వచ్చే వస్తువుల్లో అదొకటి అనుకునేవాళ్ళు.

నేను మొదట వెళ్ళింది ఒక కార్పొరేట్ స్కిన్ క్లినిక్కి. పేరు అనవసరం, అలాంటివి ప్రతి ఊళ్ళో ఉన్నాయి. డాక్టర్ని చూడకముందే కౌన్సెలర్ అనే అమ్మాయి దగ్గర కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి నా బుగ్గల వంక చూళ్ళేదు. మొత్తం ముఖం వంక చూసింది. "మేడమ్, మీ స్కిన్‌కి కస్టమైజ్డ్ లేజర్ ప్యాకేజీ ఉంది. ఆరు సెషన్లు. మచ్చలతో పాటు రెండు షేడ్లు లైట్ చేసేద్దాం" అంది. ప్యాకేజీ 36 వేలు. అప్పుడు నా జీతం 32 వేలు. ఇప్పుడే కడితే పది శాతం తగ్గింపు అంది. నేను అడిగింది ఒక్కటే: "మచ్చ చూపించడానికి వచ్చాను. రంగు గురించి నేనేమైనా అడిగానా?" ఆ పిల్ల తెల్లబోయింది. తన రంగూ నా రంగే. తనకి నెలనెలా టార్గెట్ ఉంటుందని నాకు తెలుసు. ఆ పిల్ల మీద కోపం లేదు. లేచి వచ్చేశాను.

'కస్టమైజ్డ్' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మన చర్మానికి తగ్గట్టు చేస్తామనే కదా దానర్థం. మన చర్మాన్ని ఈ వైద్యం ఎట్లా లెక్కగట్టిందో చూడండి. 1975లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ చర్మవైద్యుడు, ఎండకి ఎవరి చర్మం ఎంత కాలుతుంది, ఎంత నల్లబడుతుంది అన్నదాన్నిబట్టి మనుషుల చర్మాన్ని తరగతులుగా విడగొట్టాడు. సోరియాసిస్ లాంటి జబ్బులకి అతినీలలోహిత కిరణాలు ఎంత మోతాదులో ఇవ్వాలో తేల్చుకోవడానికి ఆ కొలత. మొదట్లో నాలుగు తరగతులే. నాలుగూ తెల్ల చర్మానివే. గోధుమరంగు చర్మానికి ఐదో తరగతి, నల్లచర్మానికి ఆరో తరగతి తర్వాత చేర్చారు. ప్రపంచంలో ఎక్కువమంది చర్మం ఆ కొలబద్దలో చివరికి వచ్చి చేరింది. ఊరి చివర ఇల్లు కట్టుకున్నవాళ్ళకి ఈ లెక్క కొత్తగా ఉండదు.

అదే 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మకం మొదలైంది. 45 ఏళ్ళ తర్వాత, 2020లో, పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో అని పెట్టారు. ఈ రెండు సంగతులకీ సంబంధం లేదు. కానీ నేను క్లినిక్కులో కూర్చున్నప్పుడు రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయి. ఒకటి డాక్టర్ ఫైల్లో, రెండోది కౌన్సెలర్ నోట్లో.

ఇక లేజర్ ఎలా పనిచేస్తుంది? ఒక రంగు పదార్థం ఏ వెలుగుని పీల్చుకుంటుందో ఆ వెలుగునే, అతి తక్కువసేపు పంపితే, చుట్టుపక్కల కండ కాలకుండా ఆ పదార్థం మాత్రమే వేడెక్కి పగులుతుంది. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు దీన్ని సిద్ధాంతంగా రాశారు. మచ్చలకి ఎక్కువగా వాడే ఎన్‌డీ యాగ్ లేజర్ 1064 నానోమీటర్ల వెలుగు. దెబ్బ పడేది సెకనులో కోట్లవంతుల కాలం. చిక్కు ఎక్కడంటే, లేజర్ వెతికే మెలనిన్ మచ్చలోనే కాదు, మన చర్మమంతా ఉంది. తక్కువ నానోమీటర్ల వెలుగుని మెలనిన్ ఎక్కువ పీల్చుకుంటుంది. అందుకే తెల్ల చర్మం మీద నడిచే మిషను, నడిచే మోతాదు మన చర్మం మీద కాల్చేస్తుంది. కాలిన చోట మానుతూ మానుతూ ఇంకా నల్లటి మచ్చ మిగులుతుంది. మోతాదు మించి మాటిమాటికీ కొడితే చుక్కలు చుక్కలుగా తెల్లమచ్చలు పడొచ్చు. 1064 లోతుకి పోతుంది, పైపొర మెలనిన్ దాన్ని తక్కువ పీల్చుకుంటుంది కాబట్టి మనకి కొంత క్షేమం. కొంత మాత్రమే.

తర్వాత నేను ప్రభుత్వ పెద్దాసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళాను. రెండు గంటలు క్యూలో నిలబడితే డాక్టరమ్మ ఐదు నిమిషాలు చూసింది. ఆ ఐదు నిమిషాలు బాగా చూసింది. మంగుకి లేజర్ మొదటి మందు కాదు అంది. మొదటిది ఎండ తగలకుండా చూసుకోవడం, సన్‌స్క్రీన్. రెండోది రాత్రిపూట పూసుకునే మందులు, అవీ లెక్కపెట్టిన నెలలే. అవి చాలకపోతేనే లేజర్, అదీ తక్కువ మోతాదులో. "పోగొడతామని ఎవరైనా గ్యారంటీ ఇస్తే అక్కణ్ణించి లేచి వచ్చేయండి. దీన్ని అదుపులో పెట్టగలం అంతే" అంది. పాప పాలు మానేసిన తర్వాతే మందులు మొదలుపెట్టింది.

ఆర్నెల్ల తర్వాత, మందులకి లొంగని కుడి బుగ్గ మచ్చకి లేజర్ చేయించుకున్నాను, ఆవిడ పంపిన మరో చర్మవైద్యుడి దగ్గర. ఆయన ముందు చెవి పక్కన చిన్న చోట కొట్టి కొన్ని వారాలు ఆగి చూశాడు. కళ్ళకి మూతలు పెట్టాడు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు టప్ టప్‌మని తగిలింది. నాలుగు సెషన్లు. సగానికి పైగా తగ్గింది. మొన్న ఏప్రిల్లో కొంచెం మళ్ళీ తేలింది. ఇదీ ఉన్న సంగతి. కాలేజీకి నేను అప్పుడూ ఈ ముఖంతోనే వెళ్ళాను, ఇప్పుడూ ఈ ముఖంతోనే వెళ్తున్నాను.

ఈ సంగతి తెలిసి మా అమ్మ అంది: "మొకం మీద మంగుకి ఎవురైనా అంత డబ్బులు పోత్తారంటే? నాకూ ఉందిగా, నేనేమన్నా సచ్చిపోయానా?" కాసేపాగి, "నొప్పి పుట్టిందా అమ్మాయ్?" అని అడిగింది.

అమ్మ ముఖం మీద మంగు నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఉంది. రెండు బుగ్గలూ, ముక్కు దూలం, నుదురు. మా చిన్నప్పుడు పల్లెలో నడివయసు ఆడవాళ్ళందరికీ అలాగే ఉండేది కాబట్టి అమ్మల ముఖాలు అలాగే ఉంటాయనుకునేదాన్ని. ఈసారి అమ్మని కూడా ఓపీకి తీసుకెళ్ళాను. ఆ రోజు ఓపీలో ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. మర్యాదస్తుడు. పరీక్షగా చూసి, "అమ్మా, పదింటి నుంచి నాలుగింటి దాకా ఎండలోకి వెళ్ళకూడదు" అన్నాడు.

అమ్మ కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. "మరి మిరపకాయలు నువ్వు కోత్తావా అయ్యా?"

ఆ అబ్బాయి పెన్ను పక్కన పెట్టేశాడు. ఏం రాయాలో తెలియలేదు. చివరికి సన్‌స్క్రీన్ రాసిచ్చాడు. రెండు మూడు గంటలకోసారి పూసుకోవాలి. మిరపచేలో చెమట కారుతుండగా, కారం చేతుల్తో, ముఖానికి. అమ్మ చీటీ మడిచి బొడ్డుసంచిలో పెట్టుకుంది. తలకి తువ్వాలు చుట్టుకుని మర్నాడు మళ్ళీ కోతకి పోయింది.

నేను చదివింది తెలుగు సాహిత్యం కాబట్టి ఒక మాట అక్కణ్ణుంచి చెప్తాను. 'ఛాయ' అంటే నీడ. 'ఛాయ' అంటే ఒంటి రంగు కూడా. చామనచాయ అన్నప్పుడు మనం వాడేది ఆ రెండో అర్థమే. మన భాషలో ఈ రెండూ ఒకే మాట. మన సమాజంలోనూ ఎవరి ఒంటి చాయ ఎట్లా ఉంటుందన్నది చాలావరకు ఎవరికి నీడ దొరికిందన్న దాన్నిబట్టే ఉంటుంది. మంగుకి మొదటి మందు నీడ. ఆ మందు మా అమ్మకి ఏ దుకాణంలోనూ దొరకదు. ఇంకో సంగతి కూడా ఉంది. పీష్వాల రాజ్యంలో ఎదురుగా హిందువు వస్తుంటే అంటరానివాడు వీధిలో నడవకూడదు, వాడి నీడ పడితే మైల అని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో రాశారు. మన నీడ వాళ్ళమీద పడకూడదు, వాళ్ళ నీడలోకి మనం పోకూడదు. మన ఒంటి ఛాయకి మాత్రం ప్యాకేజీలు.

అయితే ఇక్కడ మనవాళ్ళూ ఒక పొరపాటు దారిలోకి పోతుంటారు. నలుపంటే దళితులు, తెలుపంటే అగ్రవర్ణం అని మీటింగుల్లో వింటుంటాను. కులం జాతి విభజన కాదని అంబేద్కర్ 1936లోనే చెప్పారు. పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతి మనుషులన్నారు. సైన్సు కూడా అంతే. నల్లవాళ్ళయినా తెల్లవాళ్ళయినా చర్మంలో రంగు తయారుచేసే కణాల సంఖ్య దాదాపు ఒకటే. తేడా అవి చేసే రేణువుల సైజులో, రకంలో, సర్దుకున్న తీరులో ఉంది. మా పల్లెలో నిమ్మపండు రంగు పిల్లలున్నారు. "మీవాళ్ళలో కూడా ఇంత ఎర్రగా ఉంటారా" అని వాళ్ళని మెచ్చుకుంటారు. ఆ మెప్పు తిట్టు కంటే హీనం. ఎర్రగా ఉన్నా ఇల్లు అద్దెకి ఇచ్చేటప్పుడు కులం అడిగే తీరతారు. లేజరు మెలనిన్‌ని పగలగొట్టగలదు. కులం చర్మంలో లేదు కాబట్టి దానికి తగలదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకి నా జవాబు. చెల్లీ, మంగు ఒక చర్మ సమస్య. నలుపు సమస్య కాదు. నిన్ను బాధపెట్టేదానికి వైద్యం చేయించుకోవడం నీ హక్కు. పంటి నొప్పికి వెళ్తే ఎవరూ సిద్ధాంతం అడగరు. మన ఆడపిల్లల ముఖం విషయంలోనే అందరికీ సిద్ధాంతం గుర్తొస్తుంది. నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. పోవాలనుకుంటున్నది మచ్చా, నీ రంగా? మచ్చయితే వెళ్ళు. రంగయితే ఆ డబ్బు పుస్తకాలకి పెట్టు, నా దగ్గరికి వచ్చి మాట్లాడు.

వెళ్ళినప్పుడు అడగాల్సినవి అడుగు. మిషను పట్టుకునేది చర్మవైద్యుడా, టెక్నీషియనా? ఏ లేజరు, ఎన్ని నానోమీటర్లు? ముందు చిన్న చోట పరీక్ష చేస్తారా? క్రీములు వాడి చూడకుండానే లేజర్ ఎందుకు? మళ్ళీ వస్తే ఏం చేస్తారు? వీటికి విసుక్కునే చోట ముఖం పెట్టొద్దు. నీ చర్మం గురించి అడిగి, చూసి, దానికి తగ్గట్టు మోతాదు కట్టిన చోట మాత్రమే 'కస్టమైజ్డ్' అన్న మాటకి అర్థం ఉంటుంది.

డబ్బుల్లేవని మెడికల్ షాపు క్రీము మాత్రం కొనొద్దు. ఇది హాస్టల్ పిల్లలందరికీ చెప్తున్నాను. మా క్లాసులో ఒక అమ్మాయి షాపువాడిచ్చిన ట్యూబు ఏడాదిపాటు పూసింది. మొదటి నెల నిగనిగలాడింది. తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలొచ్చి, గడ్డం మీద వెంట్రుకలు వచ్చాయి. మానేస్తే మంట. అందులో స్టెరాయిడ్ ఉంది. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ అమ్మాయిని చీటీ అడిగినవాడు లేడు. మీ హాస్టల్ గదుల్లో ఉన్న ట్యూబుల వెనక అక్షరాలు ఈ రాత్రే చదవండి. 'సోన్' అనో 'సాల్' అనో ముగిసే పేరు కనిపిస్తే ఒక్కసారిగా ఆపేయకుండా చర్మవైద్యుడికి చూపించండి.

స్టడీ సర్కిల్ తమ్ముళ్ళకీ ఒక పని చెప్తాను. చెల్లెలు ముఖానికి ఏం చేయించుకుంటుందో కాపలా కాయడం మానండి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని జాగాలో తాగునీరు, పిల్లలకి నీడ, విశ్రాంతి వేళ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాసింది. మీ అమ్మలు పనిచేసిన చోట ఆ నీడ ఎన్నడైనా చూశారా? మిరపచేనుకి ఆ రాతకూడా లేదు. ఈ ఎండాకాలం సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ పల్లెలో కూలికి పోయే ఆడవాళ్ళు ఎన్ని గంటలకి పోతున్నారు, ఎన్నింటికి వస్తున్నారు, మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తింటున్నారు, రాసుకురండి. మధ్యాహ్నం పూట పని ఆపి, కూలి తగ్గకుండా పొద్దున్నా సాయంత్రం చేయించాలన్న డిమాండుకి ఆ కాగితాలు కావాలి. జూన్‌లో కలుద్దాం.

జై భీమ్.