రోలుగుంట కొండల కింద కషాయపు గిన్నె



చోడవరం నుండి నర్సీపట్నం వైపు ప్రయాణం చేసినవారికి రోలుగుంట మండలం తెలిసే ఉంటుంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో ఉంది. పల్లంలో వరి, చెరకు. మెట్టకు వెళితే జీడిమామిడి తోటలు. వాటి వెనుక తూర్పు కనుమల కొండలు. అర్ల పంచాయతీకి చెందిన గిరిజన గూడేలు కొన్ని ఆ కొండల మీదనే ఉన్నాయి. రోగులను, గర్భిణులను అక్కడి నుండి డోలీలో మోసుకొని దింపిన వార్తలు పత్రికల్లో ఎన్నోసార్లు చదివాము.

వానలు పడి గెడ్డలు నిండే కాలంలో ఈ పల్లెల్లో జ్వరం మాట వస్తే, మాత్ర పేరుకంటే ముందు ఆకు పేరు వినబడుతుంది. నేలవేము కషాయం, తిప్పతీగ రసం, మిరియాలు కలిపి నూరిన గచ్చకాయ గింజ, తులసి, శొంఠి, ఒళ్ళు నొప్పులకు వావిలాకు ఆవిరి. పెద్దలు మలేరియాను చలిజ్వరమన్నారు, మన్యపు జ్వరమన్నారు. రోజుల తరబడి దిగని టైఫాయిడ్‌ను సన్నిపాతమన్నారు. ఆసుపత్రి ఆమడ దూరంలో ఉన్న రోజుల్లో ఈ ఆకులే వారికి ఆసరా. దానిని చులకన చేయడం మనకు తగదు.

చేదులో మందున్నదని లోకం కూడా ఒప్పుకున్నది. దక్షిణ అమెరికా పర్వతాల్లోని సింకోనా చెట్టు బెరడును 17వ శతాబ్దంలో జెసూట్ మిషనరీలు ఐరోపాకు చేర్చారు. 1820లో ఆ బెరడు నుండి క్వినైన్‌ను వేరు చేశారు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ 1,600 ఏళ్ళ నాటి వైద్యగ్రంథం చదివి, మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్క నుండి ఆర్టెమిసినిన్ అనే మందును వెలికితీసి, 2015లో నోబెల్ బహుమతి పొందారు. అయితే ఒక సంగతి గమనించండి. ఆమె ఆకును మరిగించి ఇవ్వలేదు. మరిగిస్తే మందు చెడిపోతున్నదని గ్రహించి, తక్కువ వేడిలో ఈథర్‌తో తీశారు. తరువాత మోతాదు తేల్చారు. ఆ మొక్క ఆకుతో కాచిన టీని మలేరియాకు వాడడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ సమర్థించడం లేదు. ఏ ఆకులో ఎంత మందున్నదో తెలియదు. చాలీచాలని మోతాదుకు క్రిమి చావదు, పైగా మందుకు మొండికెత్తుతుంది.

“మరి మా ఇంట్లో కషాయంతోనే తగ్గింది కదా అయ్యగారూ?” అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. వైవాక్స్ అనే రకం మలేరియాలో జ్వరం తరచుగా దినం విడిచి దినం వస్తుంది. ఈరోజు వణికి, రాత్రి చెమటపట్టి, రేపు లేచి తిరుగుతాడు. ఆ మధ్యలో తాగిన కషాయానికి పేరు వస్తుంది. క్రిమి మాత్రం కాలేయంలో దాగి, నెలల తరువాత కూడా మళ్ళీ లేస్తుంది. అందుకే ఈ రకానికి 3 రోజుల క్లోరోక్విన్‌తోపాటు 14 రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. గర్భిణులకు, ఏడాది నిండని పసిబిడ్డలకు ప్రైమాక్విన్ ఇవ్వరు గనుక వైద్యుని అడగకుండా మింగకూడదు. ఫాల్సిపారం అనే రెండవ రకం మెదడుకు ఎక్కి కొద్ది రోజుల్లోనే ప్రాణం తీయగలదు. దానికి ఆర్టెమిసినిన్ జాతి మందులే కావాలి.

టైఫాయిడ్ సంగతి వేరు. దోమతో కాదు, మలంతో కలుషితమైన నీటివల్ల, ఆహారంవల్ల వస్తుంది. తెల్లవారి కాస్త తగ్గి, సాయంత్రానికి పెరిగి, నమ్మించి మోసం చేస్తుంది. వైద్యం లేకపోతే మూడవ వారానికి పేగుకు రంధ్రం పడవచ్చు. దీనికి యాంటీబయాటిక్స్ పూర్తి కోర్సు తప్పదు. విడాల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోక, వీలైతే రక్తం కల్చర్ చేయించాలి. లంఖణం పరమౌషధమని రోగిని పస్తు ఉంచకండి. పలుచని గంజి, మెత్తని అన్నం, కాచి చల్లార్చిన నీళ్ళు ఇవ్వండి. విరేచనాలైతే లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి వేసి, కలిపి తాగించండి.

కాబట్టి కషాయపు గిన్నెను పారబోయమని నేను చెప్పను. తులసి, శొంఠి నీళ్ళు గొంతుకు హాయినిస్తాయి, దాహం తీరుస్తాయి. నేలవేము మాత్రం గర్భిణులకు ఇవ్వకండి. ఏ ఆకు వాడినా వైద్యునితో చెప్పండి. ఆకు రోగికి తోడుగా ఉండవచ్చును గాని, పరీక్షకు అడ్డు రాకూడదు.

జ్వరం వచ్చిన మొదటి రోజే ఆశా కార్యకర్తను పిలవండి. వేలి కొన నుండి ఒక్క చుక్క రక్తంతో పావుగంట, ఇరవై నిమిషాల్లో మలేరియా సంగతి తేలుతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పరీక్షా, మందులూ ఉచితమే. మూర్ఛ, మత్తు, పచ్చకామెర్లు, నల్లని మూత్రం, ఆగని వాంతులు, కడుపులో తీవ్రమైన నొప్పి కనబడితే ఒక్క గంట కూడా ఆలస్యం వద్దు. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కొండ మీది గూడేలవారికి ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. నడవగలిగినప్పుడే దిగివస్తే డోలీ అవసరం రాదు.

రాత్రి దోమతెర, కాచిన నీరు, సబ్బుతో కడిగిన చేతులు, టైఫాయిడ్ టీకా. ఇవి ఇంట్లో తల్లి చేతిలో ఉన్న మందులు. జబ్బుపడిన పొరుగువారి ఇంటికి పరామర్శకు వెళ్ళినప్పుడు, మంచి మాటతోపాటు “రక్తపరీక్ష అయ్యిందా అమ్మా?” అని కూడా అడగండి. కాలేదంటే, తోడు వెళ్ళండి.